158 సెంటీమీటర్ల మనిషికి సరిపడే రోడ్ బైక్

నా పాత రోడ్ బైక్ చెడ్డదేం కాదు. అల్యూమినియం ఫ్రేమ్, వెనక 8 గేర్లతో షిమానో కంపెనీ క్లారిస్ గేర్ల సెట్టు, చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకులు, 25 మిల్లీమీటర్ల టైర్లు. సైకిల్ పిచ్చి పట్టించిందే అది. పిచ్చి ముదిరాక దూరాలు పెరిగాయి, దూరాలు పెరిగాక ఇబ్బందులు ఒక్కోటే బయటపడ్డాయి. రెండు గంటలు దాటితే అరచేతుల్లో తిమ్మిరి, మెడ పట్టేయడం. మిట్ట ఎక్కుతుంటే ఆఖరి గేరు కూడా అయిపోయి, ఇంకోటి ఉందేమోనని వేలు ఊరికే లీవర్‌ని నొక్కుతూ ఉండేది. వానలో బ్రేకు పట్టుకుంటే కాసేపు ఏమీ జరగదు. గతుకుల రోడ్డు మీద పళ్లు టకటకలాడతాయి.

"కొత్తది తీసేసుకో" అని మా సైక్లింగ్ గ్రూపులో అందరూ అన్నారు. వాళ్లకేం, ఎవరైనా కొత్త సైకిల్ కొంటే చూసి సంతోషిస్తారు. నేను మాత్రం ఈ బాధలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని పక్కన ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఏదైనా పార్టు మారిస్తే ఇది పోతుందా, పోదా?

గేర్ల సంగతి పార్టులతో పోయేదే. ముందు పళ్లచక్రాలకు 50, 34 పళ్లు. వెనక చక్రం మీది పళ్లచక్రాల దొంతర, అంటే క్యాసెట్, 11 నుంచి 28 పళ్లు. చైన్‌ని గేరు నుంచి గేరుకు జరిపే డిరైలర్ పొడుగు కేజ్ ఉన్నది వేసి, పెద్ద క్యాసెట్, కొత్త చైన్ మారిస్తే మిట్ట తేలికవుతుంది. అంటే గేర్ల కోసమే కొత్త సైకిల్ అక్కర్లేదు. అరచేతుల తిమ్మిరికి, హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే స్టెమ్ 90 మి.మీ.ది తీసి 70ది వేయించాను. కొంత తగ్గింది. కానీ హ్యాండిల్ మరీ చురుగ్గా తిరగడం మొదలైంది, పల్లంలో వేగం అందుకున్నాక చిన్న కదలికకే సైకిల్ పక్కకు లాగేది. స్టెమ్ కింద ఎత్తు కోసం వేసే ఉంగరాల్లాంటి స్పేసర్లన్నీ వాడేశాను కాబట్టి హ్యాండిల్‌ని ఇంకా పైకి తెచ్చే దారి లేదు. గతుకులకు 28 టైర్లు వేసి చూశాం. గాలి నిండగానే బ్రేకు కింద రాసుకుంది. ఇక బ్రేకుల విషయం సరే సరి. డిస్క్ బిగించే చోటే లేని ఫ్రేముకు డిస్క్ బ్రేకు పెట్టలేం.

అలా కాగితం మీద మూడు మిగిలాయి: హ్యాండిల్ దూరం, టైరుకు చోటు, బ్రేకులు. మూడూ ఫ్రేమును పట్టి ఉండేవే. కొత్త సైకిల్ కొనాలని అప్పుడు తేల్చుకున్నాను. షాపుల్లో ఎవరేం చెప్పినా ఆ మూడింటినీ వదలకూడదనుకున్నాను.

అక్కడి నుంచి అసలు పని మొదలైంది. నా ఎత్తు 158 సెంటీమీటర్లు. పొట్టివాళ్లకు రోడ్ బైక్ ఎంచుకోవడం ఎంత తలనొప్పో పొడుగువాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఒక కంపెనీ సైజు 49 అంటుంది, ఇంకోటి 47 అంటుంది, మూడోది ఎక్స్‌ఎస్ అని ఊరుకుంటుంది. ఆ అంకె ఒకప్పుడు సీటు కింద నిలువు గొట్టం పొడవు. పైగొట్టం వెనక్కి వాలుగా ఉండే ఫ్రేములు వచ్చాక, చాలా సైకిళ్లలో ఎక్కడ టేపు పెట్టి కొలిచినా ఆ అంకె రాదు. ఒక కంపెనీ ఎక్స్‌ఎస్ నాకు సరిపోయింది కదా అని ఇంకో కంపెనీ ఎక్స్‌ఎస్ ఎక్కితే చేతులు చాపుకుని ఈదుతున్నట్టు కూర్చోవాల్సి వచ్చింది.

పోల్చడానికి పనికొచ్చే అంకెలు రెండే: స్టాక్, రీచ్. పెడళ్లు తిరిగే ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ నడిమధ్య నుంచి ఫ్రేము ముందు హ్యాండిల్ తిరిగే గొట్టం, అంటే హెడ్ ట్యూబ్, పైఅంచు మధ్య వరకు అడ్డంగా ఎంత దూరమో అది రీచ్. నిలువుగా ఎంత ఎత్తో అది స్టాక్. సీటు ముందుకు జరిపినా వెనక్కి జరిపినా ఈ రెండూ మారవు, అందుకే ఏ కంపెనీ ఫ్రేమునైనా వీటితో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. దాదాపు ప్రతి కంపెనీ వీటిని తన సైట్‌లో జామెట్రీ పట్టికలో ఇస్తుంది.

పాత సైకిల్ కొలతలు ఇంట్లోనే తీశాను. చదునైన నేల మీద సైకిల్‌ని నిటారుగా నిలబెట్టి, హెడ్ ట్యూబ్ పైఅంచు దగ్గర నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీశాను. ఆ దారానికీ బాటమ్ బ్రాకెట్ మధ్యకూ ఉన్న దూరమే రీచ్. హెడ్ ట్యూబ్ పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి, అందులోంచి బాటమ్ బ్రాకెట్ ఎత్తు తీసేస్తే స్టాక్. నాకు రీచ్ 384, స్టాక్ 515 వచ్చాయి. 70 స్టెమ్‌తో చేతులు కొంత నెమ్మదించాయి కదా. అదే దూరాన్ని 90 స్టెమ్‌తో అందుకోవాలంటే రీచ్ 365 దగ్గర ఉండాలి. స్టాక్ ఇంకో ఒకటిన్నర సెంటీమీటర్ పెరిగితే స్పేసర్ల గుట్ట అక్కర్లేదు. వెతకాల్సింది ఈ రెండు అంకెలకు దగ్గరగా ఉన్న ఫ్రేమునని అప్పటికి తేలింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. స్టాక్ వేరుగా ఉన్న రెండు ఫ్రేముల రీచ్‌ని నేరుగా పోల్చకూడదు. హెడ్ ట్యూబ్ వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి 10 మి.మీ. స్పేసర్ వేసిన ప్రతిసారీ హ్యాండిల్ సుమారు 3 మి.మీ. వెనక్కి వస్తుంది. 500 స్టాక్, 370 రీచ్ ఉన్న ఫ్రేముకు 20 మి.మీ. స్పేసర్లు వేస్తే అది దాదాపు 519 స్టాక్, 364 రీచ్ ఉన్న ఫ్రేములా పనిచేస్తుంది. కాగితం మీద ఇది "పొడుగు" సైకిల్, కానీ కూర్చుంటే కాదు.

చిన్న సైజుల్లో ఇంకో మాయ ఉంటుంది. పైగొట్టం పొడవు తక్కువగా కనపడేందుకు కొన్ని ఫ్రేముల్లో సీటు గొట్టాన్ని నిటారుగా చేస్తారు. నా సీటు ఎత్తుకు ఆ కోణం ఒక్క డిగ్రీ మారితే సీటు ఒక సెంటీమీటర్ పైచిలుకు ముందుకో వెనక్కో జరుగుతుంది. పట్టికలో పైగొట్టం పొట్టిగా ఉందని సంబరపడి కొన్నామనుకోండి. మోకాలికి సరిపడేలా సీటు వెనక్కి జరపగానే ఆ పొట్టిదనం కాస్తా పోతుంది, రీచ్ మాత్రం ఎంత ఉందో అంతే ఉంటుంది. అందుకే పైగొట్టం గడిని చూడటం మానేశాను.

కాలివేళ్ల గొడవ కూడా చిన్న సైజుల వాళ్లకే. రోడ్ బైకులకు వేసే 700సీ కొలత చక్రం దాదాపు అన్ని సైజులకూ ఒకటే, ఫ్రేమ్ మాత్రం చిన్నదవుతుంది. దాంతో నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు బూటు కొస ముందు చక్రానికి తగులుతుంది. దీన్ని తప్పించడానికి హెడ్ ట్యూబ్‌ని ఇంకాస్త వాలుస్తారు. కొన్ని కంపెనీలు అతిచిన్న సైజులకు ఇంకా చిన్నవైన 650బీ చక్రాలు వేస్తాయి. వేగంగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ అంత తిప్పం కాబట్టి ప్రమాదమేం లేదు గానీ, ట్రాఫిక్‌లో యూటర్న్ తీసుకునేటప్పుడు గుండె ఝల్లుమంటుంది. టెస్ట్ రైడ్‌కి వెళ్లిన ప్రతి సైకిల్‌నీ ముందు పెడల్ అడ్డంగా పెట్టి, హ్యాండిల్ తిప్పి చూసేదాన్ని. షాపువాళ్లు వింతగా చూసేవారు.

ఆడవాళ్ల సైకిల్ తీసుకోమని కొందరు సలహా ఇచ్చారు. జెయంట్ కంపెనీ 2008లో లివ్ పేరుతో ఆడవాళ్లకే ప్రత్యేకంగా ఒక బ్రాండు మొదలుపెట్టింది, అందులో చిన్న సైజులు బాగా దొరుకుతాయి. నేను వాటినీ అదే రెండు అంకెలతో చూశాను. పట్టికలో రీచ్ సరిపోతే చాలు, పేరులో ఏముంటే నాకేంటి.

మొదటి షాపులో ఎదురైన మాట: "మేడమ్, ఇది ఫుల్ కార్బన్. రెండు వేళ్లతో ఎత్తి చూడండి." ఎత్తాను. నిజంగానే గాలిలా ఉంది. దాన్ని తొక్కాను కూడా, బాగా వంగి తొక్కాల్సిన రేస్ జామెట్రీ. మొదటి పది నిమిషాలు ఎంత మజాగా ఉందో దాచడం దేనికి, పెడల్ మీద కాలు వేస్తే చాలు దూకుతోంది. అయితే డ్రాప్స్, అంటే హ్యాండిల్ కిందికి వంగిన కొసలు, పట్టుకుని తల ఎత్తి రోడ్డు చూడాలంటే మెడ విరిగేలా ఉంది. ఇంటికొచ్చి గ్రూపులో మేమంతా అన్నా అని పిలిచే పెద్దాయనకు ఫోన్ చేస్తే ఆయన ఒకటే అడిగారు: "సైకిల్‌ని ఎత్తుకుని తిరుగుతావా, తొక్కుతావా తల్లీ?"

బరువు లెక్క నేనే వేసుకున్నాను. నేను 54 కిలోలు, సైకిల్ తొమ్మిదిన్నర, నీళ్లు, సామాను కలిపి ఇంకాస్త. మొత్తం 65 అనుకుందాం. కార్బన్ ఫ్రేముతో ఒక కిలో తగ్గితే అది మొత్తంలో ఒకటిన్నర శాతం. అరగంట పట్టే నిలువు మిట్ట మీద మిగిలేది అరనిమిషం కన్నా తక్కువ. చదును రోడ్డు మీద అదీ ఉండదు. రేసులు గెలవాలనుకునే వాళ్లకు ఆ అరనిమిషమే ప్రాణం. సైక్లింగ్ అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ రేసు సైకిల్ 6.8 కిలోల కన్నా తక్కువ ఉండకూడదని నియమం పెట్టాల్సి వచ్చిందంటే అందుకే కదా. నేను రేసులకు వెళ్లను.

గాలి సంగతి వేరు. చదును మీద మన శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. గాలిని తట్టుకోవడానికి కావాల్సిన శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది. 25 కిలోమీటర్ల వేగం నుంచి 30కి వెళ్లాలంటే గాలి వరకే 73 శాతం ఎక్కువ తొక్కాలి. కానీ ఆ గాలికి అడ్డం వచ్చేది ప్రధానంగా మన ఒళ్లే, సైకిల్ వాటా చిన్నది. అందుకే ఏరో ఫ్రేమ్ అని గొట్టాలు బల్లపరుపుగా చేసిన సైకిల్ చూపించినప్పుడు నేను అడిగింది ఒకటే: దీని మీద డ్రాప్స్ పట్టుకుని గంటసేపు వంగి ఉండగలనా? నా ఒంటికి సరిపడే ఫ్రేము మీద అలా వంగి ఉండగలను. రేస్ ఫ్రేము మీద పది నిమిషాలకే లేచి నిటారుగా కూర్చుంటాను. అప్పుడిక గొట్టాల ఆకారం ఏం చేసుకోను?

మధ్యలో ఒక పాత కార్బన్ సైకిల్ కూడా చూసొచ్చాను, మెరుపులు పోని రంగు, మంచి పార్టులు. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ తిరిగే బేరింగుల్లో, అంటే హెడ్‌సెట్‌లో, కొంచెం లూజు తెలిసింది, అది బిగిస్తే పోయేదే. చైన్ అరుగుదల కొలిచే గేజ్ పెడితే 0.75 శాతం దాటి లోపలికి దిగిపోయింది. అంటే చైన్‌తో పాటు క్యాసెట్ కూడా అరిగి ఉంటుంది. బాటమ్ బ్రాకెట్ చుట్టూ, సీటు పోస్టు బిగించే చోట టార్చి వేసి పగుళ్లు వెతికాను, ఏమీ కనపడలేదు. కార్బన్‌లో లోపలి పొరలు విడిపోతే పైన కనపడకపోవచ్చు కాబట్టి నాణెంతో కొట్టి చప్పుడు విన్నాను, ఎక్కడా బొంగురు శబ్దం లేదు. ఇన్ని పరీక్షలు పాసై చివరికి రీచ్ దగ్గర ఫెయిలైంది. సైజు 52. "పొట్టి స్టెమ్ వేసుకోండి మేడమ్, సరిపోతుంది" అన్నాడు అమ్మే ఆయన. ఆ వైద్యం నేను ఇంట్లో చేసే వచ్చాను.

బ్రేకుల దగ్గర పెద్దగా తర్జనభర్జన పడలేదు. రిమ్ తడిస్తే ప్యాడ్ ముందు నీళ్లు తుడవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. డిస్కు చక్రం మధ్యలో, నీళ్లకూ బురదకూ దూరంగా ఉంటుంది. యూసీఐ 2018లో రోడ్ రేసుల్లో డిస్క్ బ్రేకులను పూర్తిగా అనుమతించింది, ఆ తర్వాత కొత్త మోడళ్లలో రిమ్ బ్రేకులు కనుమరుగవుతూ వచ్చాయి. నాకు ఇంకో కారణం కూడా ఉంది, చేతులు చిన్నవి. పొడుగాటి పల్లం దిగుతూ కేబుల్ బ్రేకు పట్టుకుంటే వేళ్లు లాగేసేవి. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ డిస్కు బ్రేకుకు ఒక వేలు చాలు. కేబుల్‌తో పనిచేసే డిస్కు బ్రేకులు కూడా తొక్కి చూశాను. తడిలో రిమ్ కన్నా నయమే, కానీ వేళ్ల శ్రమ తగ్గలేదు. హైడ్రాలిక్‌లో నూనె మార్చే పని ఉంటుంది, డిస్కు కాస్త వంగితే చిర్రుచిర్రుమంటూ రాసుకుంటుంది. ఆ విసుగుకు ఒప్పుకున్నాను. ఒక్కటి గుర్తుంచుకోవాలి: షిమానోలో మినరల్ ఆయిల్ పోస్తారు, శ్రామ్ కంపెనీ రోడ్ బ్రేకుల్లో డాట్ అనే బ్రేకు ద్రవం పోస్తారు. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే సీళ్లు పాడైపోతాయి.

లీవర్‌ని హ్యాండిల్‌కి దగ్గరగా జరిపే చిన్న స్క్రూ ఉంటుంది. దాని గురించి ఏ షాపులోనూ వాళ్లంతట వాళ్లు చెప్పలేదు. చిన్న చేతులవాళ్లు అడిగి మరీ జరిపించుకోవాలి.

గ్రూప్‌సెట్ల మీద, అంటే గేర్లు, బ్రేకులు కలిసి వచ్చే సెట్ల మీద, మా గ్రూపులో జరిగే వాదనలు రాస్తే ఒక పుస్తకం అవుతుంది. షిమానోలో క్లారిస్, సోరా, టియాగ్రా, 105, అల్టెగ్రా, డ్యూరా-ఏస్ అని మెట్లు. మెట్టు ఎక్కేకొద్దీ వెనక గేర్లు 8 నుంచి 12 దాకా పెరుగుతాయి, బరువు తగ్గుతుంది. నేను చూసింది మిట్ట ఎక్కే గేరు ఒక్కటే. పాత సైకిల్‌లో తేలిక గేరు ముందు 34, వెనక 28. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ రెండున్నర మీటర్లు పోవాల్సిందే. మిట్ట మీద నా వేగం గంటకు 8 కిలోమీటర్లకు పడిపోతే నిమిషానికి 52 చుట్లు, అంటే ప్రతి తొక్కుడూ మోకాలి మీద బరువే. వెనక 34 ఉంటే అదే వేగంలో 63 చుట్లు తిరుగుతాయి. అంకెల్లో చిన్న తేడా, మోకాళ్లకు మాత్రం బాగా తెలుస్తుంది. మిగతా గేర్లు ఎన్నంటే ఏం? ఎక్కువుంటే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎడం తగ్గుతుంది, గ్రూపుతో కలిసి ఒకే వేగంలో పోయేటప్పుడు అది హాయి. 105లో 12 గేర్లు 2022లో ఎలక్ట్రానిక్‌తో వచ్చాయి, మరుసటి ఏడాది కేబుల్‌తో కూడా వచ్చాయి. ఎలక్ట్రానిక్ బటన్లు చిన్న వేళ్లకు చాలా సుఖం, ఒప్పుకుంటాను. కానీ చార్జింగ్ పెట్టాల్సిన వస్తువులు నాకు ఇప్పటికే ఎక్కువైపోయాయి. కేబుల్ 105కే ఓటేశాను.

చివరికి తీసుకున్నది ఎండ్యూరెన్స్ రకం, అంటే ఎక్కువ దూరాలకు కాస్త నిటారుగా కూర్చునేది. అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్, రీచ్ 367, స్టాక్ 527, క్యాసెట్ 11-34, టైరుకు 35 మి.మీ. దాకా చోటు. బాటమ్ బ్రాకెట్ మరతో బిగించే రకం. అది కూడా అడిగి తెలుసుకున్నాను, ఎందుకంటే నొక్కి బిగించే రకాల్లో కొలత అటూ ఇటూ అయితే వచ్చే కిర్రుకిర్రు శబ్దం మా గ్రూపులో ఇద్దరి నిద్ర చెడగొట్టింది. టెస్ట్ రైడ్‌కి ముందు సీటు ఎత్తు నేనే పెట్టించాను: గోడకు ఆనుకుని, కాళ్ల మధ్య పుస్తకం పెట్టి కొలిస్తే 73 సెంటీమీటర్లు, దాన్ని 0.883తో గుణిస్తే బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి సీటు పైభాగానికి 64.5. టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన గ్రెగ్ లెమాండ్ వల్ల పేరొచ్చిన లెక్క ఇది. అందరికీ అచ్చంగా సరిపోదు, మొదలుపెట్టడానికి బాగుంటుంది. టైర్లలో గాలి కూడా నేనే చూసుకున్నాను. షాపుల్లో రాయిలా కొట్టి పెడతారు, అప్పుడు ఏ ఫ్రేమైనా కరకుగానే అనిపిస్తుంది. 32 టైర్లలో నా బరువుకు తగ్గట్టు గాలి తగ్గించాక అదే గతుకుల రోడ్డు మీద పళ్లు టకటకలాడలేదు. కార్బన్ మెత్తదనం, అల్యూమినియం కరకుదనం అని ఇంతకాలం విన్న మాటల్లో చాలావరకు టైరు వెడల్పు సంగతే అని అప్పుడు నమ్మకం కుదిరింది.

ఆర్డర్ పెట్టేటప్పుడే బేరం ఆడాను, రేటు మీద కాదు, పార్టుల మీద. దాంతో వచ్చేది 170 మి.మీ. క్రాంక్, అంటే పెడల్ బిగించే కాడ, 40 సెంటీమీటర్ల హ్యాండిల్. నాకు 165, 38 కావాలన్నాను. ముందు కుదరదన్నారు, తర్వాత కొంత తేడా కడితే మారుస్తామన్నారు. ఆ తేడా ఇవ్వడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. క్రాంక్ 5 మి.మీ. తగ్గడం వల్ల వంగి తొక్కేటప్పుడు తొడ పొట్టకు తగలడం తగ్గింది, మలుపులో బూటుకూ చక్రానికీ మధ్య కాస్త సందు కూడా దొరికింది. సీటు మాత్రం పాత సైకిల్‌దే తీసి దీనికి పెట్టుకున్నాను. ఒంటికి అలవాటైన సీటును సైకిల్‌తో పాటు మార్చేయాల్సిన పని లేదు.

చేతుల తిమ్మిరి పూర్తిగా పోయిందా అంటే, నాలుగు గంటలు దాటితే ఎడమ అరచెయ్యి ఇంకా గుర్తుచేస్తోంది. బైక్ ఫిట్ చేసే ఆయన సీటు ముక్కు ఒక డిగ్రీ కిందకి వంగి ఉందని, ఒళ్లు ముందుకు జారి బరువు చేతుల మీద పడుతోందని సరిచేశారు. ఫోర్క్ నుంచి పైకి వచ్చి స్టెమ్‌ని పట్టుకునే స్టీరర్ గొట్టాన్ని మాత్రం కోయించొద్దన్నారు. కోసేశాక హ్యాండిల్‌ని మళ్లీ పైకి తేలేం, ఒళ్లు సాగేకొద్దీ ఒక్కో స్పేసర్ కింద నుంచి పైకి మార్చుకోవచ్చు. అందుకని ఇప్పుడు 10 మి.మీ. స్పేసర్ ఒకటి స్టెమ్ మీద టోపీలా కూర్చుని ఉంది. "అదేంటి తల్లీ, కోయించెయ్, అసహ్యంగా ఉంది" అని మా గ్రూపు పెద్దాయన ప్రతి ఆదివారం అంటున్నారు. ఇంకొన్నాళ్లు అననిస్తాను.